పొదిలి పేజీ

ఈ మధ్య పిల్లలు వ్యాపారానికి కొట్టు చూసుకోకముందే వెబ్‌సైట్ చూసుకుంటున్నారు. మా కంపెనీ అలా కాదు. గుంటూరులో మిరపకాయలు కొని, ముచ్చికలు తీయించి, రంగును బట్టి ఏరించి, సంచులకెత్తి దూరదేశాలకు పంపే పని మాది. ఒక తరం పాటు ఆ పని చేశాక గానీ మాకూ ఒక సైట్ ఉండాలని ఎవరికీ తోచలేదు. తోచినప్పుడు, దాన్లో ఏమేం ఉండాలో రాసే పని వచ్చి నా నెత్తిన పడింది.

నేను డిస్పాచ్ చూసేదాన్ని. ఏ లారీ ఎప్పుడు కదలాలి, ఏ సరుకు ఏ గోడౌన్‌కి చేరాలి అన్నదే నా ఉద్యోగం. కంప్యూటర్ నాకు బిల్లులు కొట్టేంతవరకే తెలుసు. మరి నన్నే ఎందుకు పట్టుకున్నారంటే, కంపెనీలో అందరితోనూ రోజూ మాట్లాడేదాన్నీ, మొహమాటం లేకుండా కేకలేసేదాన్నీ నేనొక్కదాన్నే. పెళ్లి చేసుకోలేదు గనక ఇంటికెళ్లాలన్న తొందర ఉండదని కూడా అనుకునేవాళ్లు. అది నిజం కాదు. నల్లపాడులో నాకూ ఒక ఇల్లుంది, ఇంట్లో టీవీ ఉంది.

కంపెనీ పెట్టిన పెద్దాయన అప్పటికే లేరు. వాళ్లబ్బాయి చూసుకునేవారు. మేమంతా ఆయన్ని చిన్నాయన అనేవాళ్లం. ఆయన తాడేపల్లి నుంచి సైట్లు చేసేవాళ్లను పిలిపించారు. వాళ్లు లాప్‌టాప్ తెరిచి కూర్చుని, "మీకేం కావాలి సార్?" అన్నారు.

"చేసేది మీరు కదా. మీరే చెప్పండి," అన్నారు చిన్నాయన.

"మీ కంపెనీలో ఏముందో మాకేం తెలుసు సార్. ఎన్ని పేజీలు, ఏ పేజీలో ఏముండాలి, ఎవరి కోసం. అది మీరు రాసిస్తే అప్పుడు రేటు చెప్తాం."

వాళ్లు వెళ్లిపోయాక ఆయన కాసేపు ఫ్యాను వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. "ఎవరికివ్వాలన్నది తర్వాత చూద్దాం. ముందు మనకేం కావాలో మనకు తెలియాలి కదా. అందర్నీ అడిగి రాయండి. పది పేజీలకు మించొద్దు," అన్నారు. పేజీకింత అని రేటు కట్టేవాళ్లతో బేరానికి దిగేముందు సరుకెంతో తేల్చుకోవడం ఆయన పద్ధతి. మిరపకాయలైనా పేజీలైనా ఆయనకు ఒకటే.

మీలో ఎవరికైనా ఎప్పుడైనా ఇలాంటి పని పడితే నా మాట వినండి. ఆఫీసులో ఎవరినీ "మీకేం కావాలి" అని అడక్కండి. నేను అడిగాను. అకౌంట్స్ ఆయనకు లైసెన్సులన్నీ స్టాంపులు కనబడేలా ఒక పేజీ కావాలట. గోడౌన్ ఆయనకు కోల్డ్ స్టోరేజీ ఫోటో కావాలట, కానీ లోపల చీకటి గనక తలుపు వరకే తీయాలట. చిన్నాయనకు వాళ్ల నాన్నగారి ఫోటో నిండు పేజీ కావాలి. గ్రేడింగ్ హాల్లో ముచ్చికలు తీసే ఆడవాళ్ల ఫోటో ఒకటి పెడదామని నేనే అన్నాను. వాళ్లు ఘాటు తగలకుండా ముక్కుకీ మొహానికీ గుడ్డ కట్టుకుని పనిచేస్తారు. "గుడ్డతో తీస్తే మేమని ఎవరికి తెలుస్తుందమ్మా? ఒకరోజు ముందు చెప్పండి, పూలు పెట్టుకుని గుడ్డలు తీసి కూర్చుంటాం," అన్నారు. గుడ్డ తీసి ఆ హాల్లో కూర్చుంటే ఎవరి మొహం ఎలా ఉంటుందో వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా సరేనని రాసుకున్నాను.

అలా రాస్తూ పోతే పేజీలు పదికి పది నిండాయి. పదోది పొదిలి. ఈ కథంతా దాని గురించే.

పొదిలిలో మాకో కొనుగోలు సెంటరు ఉండేది. అది మెట్ట ప్రాంతం. కాలవ నీళ్లు లేకుండా, వానకూ బావికీ పండిన కాయ చిన్నదే గానీ రంగు గట్టిగా ఉండేది. పెద్దాయనకు ఆ కాయంటే ప్రాణం. దర్శి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, దాని ముందు ఎండబోసే కల్లం, ఒక కాటా, ఒక మనిషి. ఆ మనిషి పేరు నేను రాయను. ఆఫీసులో ఎవరమూ ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లం కాదు, పొదిలిగారు అనేవాళ్లం. చిన్న వయసులోనే భార్య పోయింది. పిల్లలు లేరు. మళ్లీ పెళ్లి మాట ఎత్తితే నవ్వి ఊరుకునేవారట. ఇదంతా నేను ఆయన్ని అడిగి తెలుసుకున్నది కాదు, ఆఫీసులో నలుగురూ అనుకోగా విన్నది.

పొద్దున్నే గుంటూరు మిర్చి యార్డులో బేరాలు మొదలయ్యేముందు నేను పొదిలికి ఫోన్ చేయాలి. ఎంత సరుకుంది, ఎలా ఎండింది, లారీ పంపాలా వద్దా తేల్చుకోవాలి. ఆయన ఎంత సరుకుందో చెప్పేవారు. ఎలా ఎండిందో మాత్రం చెప్పేవారు కాదు. గుప్పెడు కాయలు తీసి ఫోను దగ్గర పెట్టి ఆడించేవారు. బాగా ఎండిన కాయలో గింజ గలగలమంటుంది. పచ్చి ఉంటే మూగగా ఉంటుంది. నేను ఇవతల చెవి ఒగ్గి విని, "ఎండింది, పంపుతున్నా" అనో, "ఇంకో ఎండ చూపించండి" అనో అనేదాన్ని. తేమ కొలిచే మిషను వచ్చాక కూడా ఈ పద్ధతి మేం మానలేదు. నా లెక్క ఎప్పుడైనా తప్పితే ఆయన ఎదురు చెప్పేవారు కాదు. "గుంటూరులో అలా వినపడిందేమోనండి," అనేవారు.

తర్వాత ధర అడిగేవారు. ఆ తర్వాత రెండు మాటలు. దర్శి వైపు మబ్బు పట్టిందని, షెడ్డు మీద కోతులు ఎక్కాయని. ఆఫీసులో వాళ్లు నన్ను చూసి, "పొదిలి ఏమంటోంది?" అని నవ్వేవాళ్లు. ఏమంటుంది, మిరపకాయలంటోంది అని గదమాయించేదాన్ని. కానీ ఇప్పుడు ఎవరికీ భయపడాల్సిన పని లేదు గనక చెప్తున్నాను. ఆ మనిషంటే నాకు ఇష్టం. పొద్దున్న ఆ ఫోన్ అయ్యాకే నాకు రోజు మొదలైనట్టుండేది.

నా కాగితం చూసి చిన్నాయన పొదిలి దగ్గర ఆగారు. "ఇదెందుకు?" అన్నారు.

"మన సెంటరు కదండి. పెద్దాయన పెట్టింది."

"నాన్నకి వేరే పేజీ ఉందిగా. చూడండి, ఇకమీదట బయ్యరు సైట్ చూసే మనల్ని నమ్ముతాడు. సైట్‌లో ఉన్నది మన దగ్గర ఉండాలి. సైట్‌లో లేనిది మనకక్కర్లేదు. రెండు సీజన్లుగా పొదిలి నుంచి లోడ్లు ఎక్కడొస్తున్నాయి? పేజీ పెట్టేంత సరుకు ఉంటే పెట్టండి. లేదంటే సెంటరే ఎత్తేద్దాం. ఆయనకి కూడా వయసొచ్చింది."

అలా సైట్ కోసం మొదలుపెట్టిన కాగితం ఒక మనిషి ఉద్యోగం దాకా వచ్చింది. సైట్ చేసేవాణ్ని ఇంకా పెట్టుకోనే లేదు, అప్పుడే ఎవర్ని తీసేయాలో తేలిపోతోంది. నాకు ఒళ్లు మండింది. "సరుకుందండి. రైతులు ధర కోసం ఆపుకున్నారు," అన్నాను.

నేను కావాలని అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా నమ్మాను. మిర్చి వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఇదొక జబ్బు. సరుకు రాకపోతే సరుకు లేదని మాకు తోచదు. ధర పెరుగుతుందని రైతు ఆపుకున్నాడనే తోస్తుంది. పైగా పొద్దున్నే నేను ఫోన్ చేస్తే, "ఈరోజు లోడు లేదండి, రేపు చూద్దాం," అన్నా సరే, అవతల కాయ గలగలమంటూనే ఉంది. కాయ ఉంటేనే కదా గలగలమనేది.

చిన్నాయన్ని గెలవాలని నేను పొదిలి పేజీ మీద కూర్చున్నాను. మిగతా పేజీలకు నాలుగు ముక్కలు రాసి, దీనికి మాత్రం రోజుల తరబడి రాశాను. మెట్ట కాయ రంగు గురించి, కల్లం గురించి, పెద్దాయన అక్కడ మంచమేసుకుని కూర్చున్న రోజుల గురించి. చివర్న ఒక చోట నొక్కితే కాయ గలగల వినిపించాలని కూడా రాశాను. "సైట్‌లో చప్పుడేంటండీ?" అన్నారు చిన్నాయన. కానీ ఆలోచనలో పడ్డారు. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్న చెవి దగ్గర కాయ ఆడించి చూపించడం ఆయనకూ గుర్తుండే ఉంటుంది. "సరే, ఆ చప్పుడు రికార్డు చేసి పట్టుకురండి, కల్లం ఫోటోలు కూడా. చూసి చెప్తా," అన్నారు.

మర్నాడు నేను బస్సెక్కాను. చిలకలూరిపేట, అద్దంకి, దర్శి మీదుగా ప్రయాణం. మిర్చి కోతల కాలం. గుంటూరు దాటాక చాలాసేపు రోడ్డుకి రెండు పక్కలా కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. దర్శి వైపు వెళ్లేకొద్దీ ఎరుపు తగ్గుతూ వచ్చింది. జామాయిల్ తోటలు, కంది చేలు, బీళ్లు. లోపలికి వెళ్తే కల్లాలు ఉంటాయిలే అనుకున్నాను. మంచి చీర కట్టుకుని వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఉద్యోగం పని మీద వెళ్తున్నదాన్ని, ఆ చీరెందుకు?

షెడ్డు ముందు కల్లం మీద ఎవరివో కందులు ఆరబోసి ఉన్నాయి. కాటా మీద గోనెపట్టా కప్పి ఉంది. లోపల కుర్చీలో కూర్చుని ఉన్న ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డారు. నేను వస్తున్నట్టు చెప్పలేదు. చెప్తే వద్దంటారని కాదు, చెప్పడానికి సిగ్గేసి.

"మీరొచ్చారేంటండీ? ఫోన్ చేస్తే సరిపోయేదిగా," అన్నారు.

"సైట్‌కి మీ చప్పుడు కావాలి. ఆడించండి, రికార్డు చేసుకుంటా," అన్నాను సెల్ తీసి.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లారు. అక్కడ ఫోను పక్కన ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంది. అది చేతిలోకి తీసుకుని ఆడించకుండా అలాగే నిలబడ్డారు. నేను డబ్బాలోకి చూశాను. గుప్పెడు కాయలు. రంగంతా పోయి నల్లబడిపోయాయి. ఏ సీజనువో తెలియదు గానీ ఈ సీజనువి మాత్రం కావు.

"ఈ డబ్బాయేనా రోజూ?" అన్నాను.

"ఇదేనండి."

"లోడు లేని రోజు కూడా?"

"లోడు లేని రోజేనండి. ఉన్న రోజు సరుకులోంచే తీసేవాణ్ని." ఆయన డబ్బా కిటికీలో పెట్టేశారు. "లోడు లేదంటే మీరు వెంటనే పెట్టేసేవాళ్లు. ఇది గలగలమంటే, ఎండిందండీ బాగుందండీ అని ఇంకో మాట అనేవాళ్లు. ఆ మాట కోసం అలవాటైపోయింది. సరుకుందని మాత్రం ఏనాడూ చెప్పలేదండి. కావాలంటే గుర్తుచేసుకోండి."

గుర్తుచేసుకున్నాను. నిజమే, ఏనాడూ చెప్పలేదు. నేనే విన్నాను. నాకు కోపం రావాల్సింది. ఆఫీసులో అందరి ముందు నన్ను పిచ్చిదాన్ని చేశారే అని అరవాల్సింది. కేకలకు పేరుపడ్డదాన్ని, సెల్ తీసి సంచిలో పెట్టుకున్నాను. ఈ చెవితో ఇన్నాళ్లూ తేమ వింటున్నాననుకున్నాను.

ఆయన రోడ్డు మీద కొట్టునుంచి టీ తెప్పించారు. రైతుల సంగతి అప్పుడు చెప్పారు. బావులు ఎండిపోయాయి, బోర్లు లోతుకెళ్లాయి. మిర్చి పెట్టుబడి తట్టుకోలేక ఒక్కొక్కళ్లే కందికీ జామాయిల్‌కీ మళ్లారు. ఇంకా వేస్తున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్ల కాయ వాళ్ల ఊరగాయలకే సరి.

"పేజీ రాసేశాను. బాగా కుదిరింది. పెట్టిస్తాను," అన్నాను.

"వద్దు మేడంగారూ. పేజీ చూసి ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు నేను గుంటూరు యార్డులో కొని ఇది పొదిలి కాయే అని పంపించాలి. ఇన్నేళ్లొచ్చాక ఆ పని నాతో చేయించకండి."

"పేజీ లేకపోతే సెంటరు ఎత్తేస్తారు. మీ ఉద్యోగం పోతుంది."

"నా ఉద్యోగం కోసం మీరు లేనిది ఉందని రాస్తారా?"

"రాస్తాను," అన్నాను.

ఆయన నా వైపు చూశారు. ఇన్నేళ్లలో మేం ఒకరినొకరం ఎదురుగా చూసుకున్నది ఆఫీసులో పూజ రోజుల్లోనే, అదీ పదిమందిలో. "రాస్తారని తెలుసు. అందుకే తీసేయమంటున్నా," అన్నారు. తర్వాత బస్సు దాకా వచ్చి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, ఎండ ఎటు పడుతుందో చూసి, "అటు పక్కకి మారండి," అన్నారు. నేను మారాను.

మర్నాడు చిన్నాయన బల్ల మీద కాగితం పెట్టాను. పొదిలి కొట్టేసి ఉంది. "ఏమైంది, అంత పోట్లాడారుగా?" అన్నారు. సరుకు లేదండి అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు, అది ఆయన మంచితనం. కానీ వ్యాపారి కదా, "తొమ్మిదే ఉన్నాయి. పదికి మాట్లాడదామనుకున్నాం. ఇంకోటేదైనా చూడండి," అన్నారు.

నాకు ఆ నిమిషంలో పొద్దున్న ఫోన్‌లో ఆయన ధర అడగడం తప్ప ఏదీ తోచలేదు. "రోజూ యార్డు ధర పెడదామండి. రైతులకు పనికొస్తుంది, అస్తమానం ఫోన్లు చేసి అడక్కుండా ఉంటారు," అన్నాను. చిన్నాయనకు తెగ నచ్చింది. పదో పేజీ అదే అయింది. ఏం చేస్తున్నానో నాకప్పుడు తెలియలేదు.

సీజను అయ్యాక పొదిలి సెంటరు ఎత్తేశారు. కాటా లారీలో వచ్చి మా గోడౌన్‌లో ఒక మూల చేరింది. ఆయన రాలేదు. సొంత చేలో కంది వేసుకుంటానని, బంధువుల ఎరువుల కొట్లో కూర్చుంటానని చెప్పారట. మా ఆఫీసు మనుషులు మంచివాళ్లే, శాలువా కప్పి పంపుదామన్నారు. ఎండలో అంత దూరం ఎందుకులెండి అని ఆయనే వద్దన్నారు.

సెంటరు మూసిన మర్నాడు పొద్దున్నే నా చెయ్యి ఫోన్ మీదికి పోయింది. ఆయన వెంటనే ఎత్తారు.

"లోడు లేదండి," అన్నారు.

"తెలుసు," అన్నాను.

మరెందుకు చేశారని ఆయన అడగలేదు. "ధర ఎలా ఉందండి?" అన్నారు. చెప్పాను. "బాగుంది, రైతుకి పరవాలేదు," అన్నారు, అమ్మడానికి ఒక్క కాయ కూడా లేని మనిషి. అలా రోజూ చేశాను. సైట్ చేసేవాళ్లను కుదుర్చుకోవడం, వాళ్లు చేయడం, మేం వంకలు పెట్టడం, ఫోటోలో ఆడవాళ్లకు కళ్లనీళ్లు కారుతున్నాయని మళ్లీ తీయించడం, ఇదంతా సాగినన్నాళ్లూ చేశాను. సైట్ ఆలస్యమవుతోందని చిన్నాయన విసుక్కుంటుంటే నేను మాత్రం ఏమీ అనేదాన్ని కాదు.

చివరికి ఒకరోజు సైట్ వచ్చింది. అందరికీ లింకు పంపమన్నారు, ఆయనకూ నేనే పంపాను. నేను రాసిన మాటలు తెర మీద కనిపిస్తున్నాయన్న సంబరంలో పంపేశాను. కాసేపటికి జవాబొచ్చింది: "చాలా బాగుందండి. ధర కూడా కనపడుతోంది." అది చదివాక గానీ నాకు వెలగలేదు. ఇక ఫోన్ చేసి ఆయనకు చెప్పాల్సింది నా దగ్గర ఏమీ లేదు. నా చేత్తో రాసిన పేజీ రోజూ పొద్దున్నే నాకంటే ముందే ఆయనకు చెప్పేస్తోంది.

మర్నాడు నేను చేయలేదు. ఆయనా చేయలేదు. ఏదో ఒక పని చెప్పుకోకుండా ఒక మగమనిషికి ఫోన్ చేయడం నాకు చేతకాదు. నా వయసు ఆడవాళ్లకు చాలామందికి చేతకాదు. మీకు చేతనైతే సంతోషం. రోజులు పోయాయి. నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు, నా గురించి మంచి మాటలు చెప్పారు. పొద్దున్నే లేచి నల్లపాడు ఇంట్లో కుర్చీలో కూర్చుని, సెల్‌లో మా సైట్ తెరిచి, నాకేమాత్రం అవసరం లేని ధర చూసేదాన్ని. అదే వేళకు ఆయన కూడా అది చూస్తూ ఉంటారని అనుకుంటే కొంచెం నయంగా ఉండేది. వేసవిలో యార్డుకు సెలవులిచ్చారు, ధర పేజీ ఖాళీ అయింది. ఆ రోజుల్లో ఆయన ఎంత గుర్తొచ్చారో చెప్పలేను. ఒకసారి పొదిలి బస్సెక్కుదామని బస్టాండు దాకా వెళ్లి, కూరగాయలు కొనుక్కుని వచ్చాను.

యార్డు తెరిచిన రోజు పొద్దున ఫోన్ మోగింది. ఆయన నంబరు.

"మేడంగారూ, బాగున్నారా? ఏం లేదండి, మన సైటు నా ఫోన్లో తెరుచుకోవట్లేదు. ఈరోజు ధరెంతో కాస్త చెప్తారా?"

నా కాళ్లు ఆగలేదు, కుర్చీలోంచి లేచి గదంతా తిరుగుతూ చెప్పాను. రకం రకం ధరా చెప్పాను. ఆయన బాగుందండి బాగుందండి అంటూ అన్నీ విన్నారు. మర్నాడు పొద్దున మళ్లీ చేశారు. ఇంకా తెరుచుకోలేదట. ఆ మర్నాడు కూడా అంతే.

పక్కింటివాళ్ల ఫోన్లలో, మా తమ్ముడి ఫోన్లో, ఆఖరికి మొన్న పొదిలి బస్సులో పరిచయమైన ఒకావిడ ఫోన్లో కూడా ఆ సైట్ చక్కగా తెరుచుకుంటుంది. ఆయన ఫోన్లో మాత్రం ఎందుకు తెరుచుకోదో నేను ఇంతవరకు అడగలేదు. అడిగితే ఎక్కడ బాగుచేయించుకుంటారోనని నా భయం.